నెమ్మదిగా తిరిగిన ప్లేటు

నేను ఒక గ్రామఫోను ప్లేటును. ఈ మాట ముందే చెప్పకపోతే నన్ను టీ గ్లాసుల కింద పెట్టుకునే చెక్క అనుకుంటారు. అందులో మీ తప్పేమీ లేదు. ఇప్పుడు నా మీద రెండు గ్లాసులున్నాయి. ఒకదాని అడుగు తడి. ఆ తడి నా గీతల్లోకి దిగి, పంచదారతో కలిసి బంకలా ఎండిపోతోంది. ఒకప్పుడు ఆ గీతల మీద వజ్రపు ముల్లు నడిచేది. ఇప్పుడు చీమలు నడుస్తున్నాయి.

పుట్టింది ఇంగ్లండులో. నల్లటి ముద్దను ఆవిరికి మెత్తబరిచి, రెండు అచ్చుల మధ్య పెట్టి అట్టు నొక్కినట్టు నొక్కేశారు. నాలో పాడినవాళ్ళు నలుగురు కుర్రాళ్ళు. మూడు నిమిషాల పాటంటే వాళ్ళకి చిన్నచూపు. నా ఒక వైపంతా ఒక్కటే పాట. మధ్యలో తాళం మారుతుంది, వేణువొస్తుంది, చర్చి ఆర్గానొస్తుంది, ఎవరో దగ్గుతారు కూడా. ఈ తరహాకు ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు పెట్టి, ముందుకు పోయే సంగీతమని చెప్పుకున్నారు. ఎటు ముందుకో వాళ్ళకీ తెలియదు. అట్ట మీద సముద్రంలో సగం మునిగిన చర్చి బొమ్మ ఉండేది. అందుకే విశాఖపట్నంలో నన్ను ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. "మునిగిన చర్చి" అనేవారు.

విశాఖపట్నానికి నన్ను తెచ్చింది గోధుమల ఓడలో వంటచేసే ఒక అమెరికావాడు. నన్ను లండన్‌లో కొన్నాడు. నన్ను తిప్పే పెట్టె మాత్రం వాళ్ళ ఊరిది. ఓడ రేవులో ఆగినప్పుడు మజ్జి జగ్గారావు అనే కుర్రాడికి ఆ పెట్టెనూ నన్నూ ఇచ్చేసి, బదులుగా ఏటికొప్పాక లక్కబొమ్మలు ఒక బుట్టెడు పట్టుకుపోయాడు. ఇద్దరూ ఎదుటివాడికి టోపీ పెట్టామనే అనుకున్నారు.

జగ్గారావు పోర్టులో క్రేను నడిపేవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. గిటారు మాత్రం ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాడు. అమెరికా పెట్టె మన కరెంటుకు కాలిపోతుందంటే, కురుపాం మార్కెట్లో ఒక మెకానిక్ చేత వోల్టేజీ తగ్గించే ఇనప డబ్బా చేయించాడు. పెట్టె కాలలేదు. తిరిగింది. అందరూ సంతోషించారు.

అసలు ముప్పు అక్కడే ఉంది. కరెంటు మన దేశంలో సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, అమెరికాలో అరవైసార్లు. ఆ పెట్టెలోని మోటారు ఆ ఊపును బట్టి తిరిగే రకం. డబ్బా వోల్టేజీని తగ్గించగలదు గాని ఊపును మార్చలేదు. నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరగాల్సిన నేను ఇరవై ఎనిమిదే తిరిగాను. సన్నటి గొంతుతో పాడిన కుర్రాడు నూతిలోంచి పలికే ముసలాడిలా వినిపించాడు. గెంతాల్సిన తాళం కాళ్ళీడ్చింది. నాకు తెలుసు. కానీ నాకున్న నోరు ఆ ముల్లే. అది ఎలా నడిస్తే అలా పలకాలి.

జగ్గారావుకి ఆ నెమ్మదే నచ్చింది. "ఏటి బరువురా ఈ పాట," అని గుండె మీద చెయ్యేసుకునేవాడు. ఆ లోతు గొంతు తనకీ రావాలని సిగరెట్లు నేర్చుకున్నాడు. లోకంలో ఎక్కడా లేని ఒక గొంతు కోసం ఊపిరితిత్తులు కాల్చుకున్నాడు. గొంతు రాలేదు గాని దగ్గు వచ్చి స్థిరపడింది.

అతనికి ప్రాణస్నేహితుడు దేవదానం. వన్‌టౌన్ చర్చిలో ఆర్గాను వాయించేవాడు. ఇద్దరూ కలిసి, పోర్టు ఆసుపత్రి కాంపౌండరుకి డ్రమ్ములిచ్చి, ఒక బ్యాండు కట్టారు. నేనే వాళ్ళ గురువును. ముల్లు ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి, ఒక్కొక్క ముక్కా నా దగ్గర నేర్చుకున్నారు. జగ్గారావు గిటారు తీగలు వదులు చేసి నా శ్రుతికి దించుకున్నాడు. దేవదానానికి ఆ సుఖం లేదు. మడతపెట్టి మోసుకుపోయే కాలి ఆర్గాను అతనిది. శ్రుతి మార్చడానికి దానికి బిరడాలుండవు.

"ఒరే జగ్గా, ఈ పాట ఏ మెట్టు మీదా నిలబడటం లేదురా. రెండు మెట్ల మధ్య సందులో ఉంది," అనేవాడు.

"లండనోడు కావాలనే సందులో పెట్టేడు. నీకు అర్దం కానేదు."

"మొన్న సిలోన్ రేడియోలో విన్నాను. ఇంతకన్నా స్పీడుగా ఉంది. గొంతు కూడా సన్నం."

"రేడియోవోడికి టైం సాలదు. పెద్ద పాట కదా, గబగబా తిప్పీసుంటాడు."

ఈ జవాబు విని కాంపౌండరు కూడా అవునన్నట్టు తలూపాడు. మనిషికి ఒక మాట నచ్చిందంటే దానికి కాళ్ళూ చేతులూ తనే అతికిస్తాడు.

మద్రాసులో ఒక కాలేజీవాళ్ళు బ్యాండ్లకి పోటీ పెట్టారు. జగ్గారావు పోర్టులో సెలవు పెట్టాడు. అక్కడ గెలిస్తే క్రేను దిగిపోతానని, హోటళ్ళలో వాయించుకుని బతుకుతానని అందరితో చెప్పాడు. శకునం కోసం నన్ను కూడా సంచిలో పెట్టుకుపోయాడు. హాలు మెట్ల మీద దేవదానం అతని చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్కసారికీ రేడియోలో లాగ స్పీడుగా కొడదాంరా," అని బతిమాలాడు. జగ్గారావు చెయ్యి విడిపించుకున్నాడు.

ఆ హాల్లో ఉన్నవాళ్ళకి నా పాట కంఠతా వచ్చు. మొదట నిశ్శబ్దంగా విన్నారు. తర్వాత మూలనుంచి ఎవడో చప్పట్లు మొదలెట్టాడు, ఎద్దును అదిలించినట్టు, తొందరగా లాగమని. కాసేపటికి హాలంతా అదే చప్పట్లు. స్టేజీ పక్కన సంచిలో ఉన్న నాకు అవి వింటుంటే, తొలిసారిగా నా అసలు వేగం ఎవరో గుర్తుచేసినట్టనిపించింది. పైన జగ్గారావు కళ్ళు మూసుకుని నెమ్మదిగా పాడుతూనే ఉన్నాడు.

తిరుగు రైలు తుని దాటాక మాటలు మొదలయ్యాయి.

"నీ ఆర్గాను శ్రుతి కలవనేదు. అందుకే నవ్వేరు," అన్నాడు జగ్గారావు.

"శ్రుతి సరిగ్గానే ఉంది. మనం శవాన్ని మోస్తున్నట్టు వాయించేం. అందుకు నవ్వేరు."

"అంటే ప్లేటు తప్పంటావు."

"ప్లేటు కాదు. నీ మిషను మీద నాకు డౌటు."

"నీ చర్చి గాలిపెట్టె కరెక్టు, అమెరికావోడి మిషను రాంగు. అంతే కదేటి?"

"అంతే."

"అయితే ఇక నా గుమ్మం తొక్కకు."

విశాఖపట్నం స్టేషన్లో దేవదానం ఆర్గాను మోసుకుని ఒకవైపు, జగ్గారావు నన్ను మోసుకుని ఒకవైపు వెళ్ళిపోయారు. కాంపౌండరు తన డ్రమ్ములకి కూలీని వెతుక్కున్నాడు.

కొన్ని నెలలకి ఒక ఆదివారం సాయంత్రం నేను తిరుగుతున్నాను. వీధి తలుపు చప్పుడైంది. జగ్గారావు కిటికీలోంచి చూశాడు. దేవదానం. చర్చి బట్టల్లోనే ఉన్నాడు, చేతిలో గొడుగు. జగ్గారావు వచ్చి నా పక్కనున్న బిరడా తిప్పి సౌండు పెంచాడు. తలుపు మళ్ళీ చప్పుడైంది. ఇంకా పెంచాడు. ఇల్లంతా నాతో నిండిపోయింది. నా ఒక వైపు అయ్యేదాకా దేవదానం అరుగు మీదే ఉన్నాడు. ముల్లు చివరికొచ్చి టిక్కుటిక్కుమంటున్నప్పుడు అడుగుల చప్పుడు దూరమైంది. ఆ తలుపుకూ అతనికీ మధ్య గోడ కట్టింది నా గొంతే. ఏం చెయ్యను, బిరడా నా చేతిలో లేదు.

ఆ తర్వాతదంతా మీకు తెలిసిన బతుకే. క్రేను, పెళ్ళి, కూతురు, భార్య పోవడం, రిటైర్మెంటు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు. పూర్ణా మార్కెట్లో ఎదురుపడితే ఒకరు వంకాయలు ఏరుతున్నట్టు, ఒకరు ఆకాశం చూస్తున్నట్టు దాటిపోయేవారు. జగ్గారావు ప్రతి ఆదివారం నన్ను వినేవాడు. మద్రాసువాళ్ళకి సంగీతం తెలియదని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఆ ఒక్క మాట మీదే నిలబడి ముసలాడయ్యాడు.

అప్పుడొచ్చింది కొత్తది. ఇంగ్లండులో ఆ పాత బ్యాండుకి మళ్ళీ గిరాకీ వచ్చిందట. నలుగురిలో ఇద్దరు పోయాక వాళ్ళు గొప్పవాళ్ళని తేలింది. పాత టేపులు బయటికి తీసి, బూజు దులిపి, ఒక్కొక్క వాయిద్యాన్నీ విడివిడిగా తోమి, రీమాస్టర్ చేశామని చెప్పి మళ్ళీ ప్లేటు వేశారు. అట్ట మీద అదే చర్చి, కాకపోతే నీళ్ళు ఇంకా నీలంగా ఉన్నాయి. కూతురు హైమ తండ్రి పుట్టినరోజుకని ఆ ప్లేటూ, దాన్ని తిప్పే కొత్త మిషనూ తెప్పించింది. నన్ను బల్ల మీద పక్కకి జరిపారు. నా చెల్లెలు అనాలో, నా కూతురు అనాలో తెలియని ఒక మెరుపుల పిల్ల నా ఎదురుగా తిరగడం మొదలెట్టింది.

జగ్గారావు కుర్చీలో ముందుకి వంగాడు. "ఈ గుంటడెవడు? అసలు పాడినోడేడి?"

"ఆయనే నాన్నా. పేరుంది కదా ఇక్కడ."

"కాదు. పరిగెట్టించేస్తున్నారు. దీన్ని బాగు సేస్తామని పాడు సేసేరు." కాసేపు విని, "కాదు, ఈ మిషనే స్పీడుగా తిరగతంది. నా పాతదాన్ని ఎట్టు, తెలిసిపోద్ది," అన్నాడు.

హైమ నన్ను ఎత్తి కొత్త మిషను మీద పెట్టింది. పుట్టి యాభై ఏళ్ళయ్యాక, ఈ ఊళ్ళో తొలిసారి నా వేగంతో నేను తిరిగాను. ఒళ్ళంతా గీతలు, దుమ్ము, చిటపటలు. అయినా అదే సన్నటి గొంతు, అదే పరుగు. నేనూ ఆ మెరుపుల పిల్లా ఒకే మాట చెప్పాం.

హైమ పాత పెట్టెను తిరగేసి చూసింది. "సిక్స్టీ సైకిల్స్ అని రాసుంది నాన్నా దీని మీద. మనది ఫిఫ్టీ కదా. అంటే ఇన్నాళ్ళూ నువ్వు స్లో మోషన్లో విన్నావన్నమాట," అని నవ్వింది. హైమకి మద్రాసు సంగతి తెలియదు. దేవదానమన్న పేరే తెలియదు.

జగ్గారావు నవ్వలేదు. ముల్లు తనే ఎత్తి పక్కన పెట్టాడు. ఆ తర్వాత పాత పెట్టె మీద నన్ను మళ్ళీ పెట్టాడు. నేను నెమ్మదిగా, బరువుగా, ఎప్పటిలాగే పాడాను. కాని అతనికి ఇక అది పాటలా వినిపించలేదు. మోటారు తడబాటు వినిపించింది. రెండు ప్లేట్లు, రెండు మిషన్లు ఉన్న ఆ ఇంట్లో అతను వినడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను చంకలో పెట్టుకుని వన్‌టౌన్ బయల్దేరాడు. దారంతా ఏదో గొణుగుతున్నాడు. నాకు వినిపించింది. "నువ్వు సెప్పిందే రైటురా. ఆ రోజు తలుపు కావాలనే తియ్యలేదురా." ఈ రెండు ముక్కలే. వాటిని నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచాడు.

దేవదానం కోడలు సలోమి తలుపు తీసింది. "మావయ్యకి చెవులు బొత్తిగా పోయాయండి. గట్టిగా అరిస్తే గాని వినపడదు," అంది.

దేవదానం వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు గాని వేళ్ళు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి. ముందు నన్ను చూశాడు, తర్వాత జగ్గారావుని.

"ఏరా, ఇంకా నెమ్మదిగానే తిప్పుతున్నావా?"

జగ్గారావు నన్ను పక్కనున్న స్టూలు మీద పెట్టాడు.

"నాకు అప్పుడే తెలిసిందిరా," అన్నాడు దేవదానం, వినపడనివాళ్ళందరిలాగే పెద్దగా. "అమెరికా మిషను మన కరెంటు మీద నెమ్మదిగా తిరుగుతాదని రైల్వే ఎలక్ట్రీషియనొకడు చెప్పేడు. నీకు చెప్దారనే మీ ఇంటికొచ్చేను. తలుపు కొట్టేను. లోపల పాట గట్టిగా మోగుతోంది కదా, పాపం నీకు వినపడలేదు. మళ్ళీ వద్దారనుకున్నాను. ఏవో పనులు."

ఎదురింటి అరుగు మీద ఇద్దరాడవాళ్ళు చేపలు శుభ్రం చేస్తున్నారు. సలోమి గుమ్మంలో నిలబడి ఉంది. జగ్గారావు ముందుకి వంగి, దేవదానం చెవి దగ్గరికి నోరు పెట్టాడు.

"వినపడిందిరా," అన్నాడు.

"ఆఁ?"

దారంతా గొణుక్కున్న మాటే. మనసులో ఉన్నంతసేపూ చిన్నదే. దాన్ని ఇప్పుడు వీధంతా వినేలా అరవాలి. జగ్గారావు ఊపిరి పీల్చుకున్నాడు. దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏటన్నావురా?" అని అడిగాడు దేవదానం, చెవి వెనక చెయ్యి పెట్టి.

"టీ బాగుందీ," అని అరిచాడు జగ్గారావు. అప్పటికి టీ ఇంకా రాలేదు.

వచ్చాక తాగాడు. ఇద్దరూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు నన్ను స్టూలు మీదే వదిలేశాడు. మరిచిపోయి కాదు. గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తను అరవలేని మాట నేను చెబుతాననుకున్నాడు కాబోలు. చెవులు పోయిన మనిషికి, ముల్లు లేని ఇంట్లో, నేనేం చెప్పగలను.

దేవదానం నన్ను తీసి అట్టలోంచి బయటికి లాగాడు, గీతల్ని వేలితో తడిమి చూసి మళ్ళీ స్టూలు మీద పెట్టాడు. జగ్గడు మర్చిపోయి వెళ్ళాడు, తీసుకెళ్ళడానికి వస్తాడు అనుకున్నాడు. నా కోసం జగ్గారావు వస్తాడేమోనని నాలుగు రోజులు వీధిలోకి చూశాడు. అక్కడ తన ఇంట్లో జగ్గారావు, వీడికి అర్థమై ఉంటుంది, ఏదో ఒకరోజు వచ్చి తలుపు కొడతాడు అనుకుంటూ ఉండాలి. ఆ ఇంట్లో ఇప్పుడు పాట మోగుతుందో లేదో నాకు తెలియదు. మోగకపోవచ్చు. తలుపు చప్పుడు వినపడాలి కదా.

వానాకాలం వచ్చింది. అట్ట నాని చర్చి బొమ్మ ఊడిపోయింది. సలోమి ఒకరోజు నన్ను ఎత్తి పట్టుకుని, "మావయ్యా, దీన్ని పారేసీనా?" అని అరిచింది.

"ఉంచమ్మా. జగ్గడిది. వస్తాడు," అన్నాడు దేవదానం. "వాడిదంతా నెమ్మది."

సలోమి నన్ను స్టూలు మీద పెట్టి, నా మీద టీ గ్లాసు పెట్టింది.