చెవి మేస్త్రీ అనుమానం

రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు బానెట్‌లోకి నడుము దాకా వంగి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి నొక్కిపట్టుకున్నాడు చెవి మేస్త్రీ. యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేదు. అయినా ఇంజిన్ ఒకసారి రంకె వేస్తోంది, అంతలోనే ఆగిపోతుందేమో అన్నంతగా నీరసపడుతోంది. పొద్దున్న చోక్ లాగి రెండు నిమిషాలు నడిపినప్పుడు బుద్ధిగానే ఉంది. భోజనం చేసొచ్చి, బాగా వేడెక్కనిచ్చేసరికి ఈ వేషం!

ఆయన భోజనం వేళ షెడ్డులో ఉన్నది ఒక్కడే. బావమరిది.

ముప్పై అయిదేళ్ళుగా ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పేస్తున్నాడు కాబట్టి ఆయనకా పేరు. అసలు పేరేమిటో షెడ్డు యజమానే మరిచిపోయాడు. బక్కపలచని మనిషి. గోళ్ళ చివర ఏ సబ్బుకూ లొంగని నల్లటి గీత. చెవి ఎంత సున్నితమో మనసు అంత అనుమానం. తాళం వేశాక మూడుసార్లు లాగి చూడందే ఇల్లు కదలడు. ఈ మధ్య భార్య ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి చెబుతోంది. తన వెనకాల ఏదో గూడుపుఠాణి నడుస్తోందనీ, అక్కాతమ్ముళ్ళు ఒక్కటయ్యారనీ ఆయన గట్టి నమ్మకం.

కారు డాక్టరమ్మది. ఇదే జబ్బుతో రావడం ఇది మూడోసారి. "ఈసారీ కుదరకపోతే వేరేచోట చూపించుకుంటానంది. మూడుసార్లు తిరిగొచ్చిన కారుకి నీ పేరెలా చెప్పుకోమంటావ్?" అని యజమాని పొద్దున్నే మొహం మీద అనేశాడు. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

అందుకే భోజనానికి వెళ్ళేముందు ఇంజిన్ ఖాళీగా తిరిగే వేగాన్ని సరిచేసే ఐడ్లింగ్ స్క్రూ మీదా దాని పక్కనా కలిసేలా తెల్లరంగు చుక్క పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు చూస్తే చుక్క చెక్కుచెదరలేదు. దొంగవెధవ, తిప్పి మళ్ళీ సరిగ్గా అక్కడికే తెచ్చి పెట్టాడన్నమాట! అలా తెచ్చి పెడితే ఇంజిన్ ఎందుకు ఊగుతుందన్నది ఆయనకు తట్టలేదు. అనుమానానికి లెక్కలు రావు కదా.

"ఏరా, దీన్ని ముట్టుకున్నావా?"

చక్రం బిగిస్తున్న బావమరిది లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, ఈయన ముందు ఇంకా చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడతాడు.

"లేదు బావా."

"మరి మొన్న తెల్లకారు? నేనటు వెళ్ళగానే బానెట్ ఎత్తావట. పక్క కొట్టాయన కళ్ళారా చూశాడు."

"ఎత్తాను."

"ఎత్తాడట! సిగ్గులేకపోతే సరి. మీ అక్క మొహం చూసి పనిలో పెట్టించాను. చివరికి నా పేరుకే ఎసరు పెడతావా?"

బావమరిది తల దించుకున్నాడు. మెల్లిగా, "కార్బురేటర్ కింద రబ్బరు పైపు చూడు బావా," అన్నాడు.

"నీకెలా తెలుసు? నువ్వే కోశావా?"

"బుస్సుమంటోంది. ఇక్కడికే వినిపిస్తోంది."

ఆ 'ఇక్కడ' నాలుగు బారల దూరం. మేస్త్రీ స్క్రూడ్రైవర్ మళ్ళీ చెవికి ఆనించాడు. దబదబలు వినిపిస్తున్నాయి. బుస్సు లేదు. చెవి మార్చాడు. అబ్బే, లేదు. అప్పుడు వేలు పెట్టి పైపు వెంట అడుగున తడుముతూ పోయాడు. ఒకచోట వేలు చర్మాన్ని ఏదో లోపలికి పీల్చింది. ఇంజిన్ టక్కున కుదురుకుంది. వేలు తీశాడు, ఊగింది. పెట్టాడు, కుదురుకుంది.

ఇంజిన్ ఆపి అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి వింటున్నావ్, నా కార్లు?"

"ఆర్నెల్లయింది. ఆయనకి సన్న చప్పుళ్ళు అందట్లేదురా, కాస్త కనిపెట్టుకుని ఉండు, తెలిస్తే తట్టుకోలేడు అని అక్కే చెప్పింది. ఈ కారు మాత్రం ఎప్పుడూ చల్లారాకే నా చేతికొచ్చింది బావా. ఇవాళే దొరికింది."

అంటే గూడుపుఠాణి నిజమే. అక్కాతమ్ముళ్ళు ఒక్కటైన మాటా నిజమే. బతుకంతా ఎన్నో అనుమానాలు పడ్డాడు గానీ, నిజమైనందుకు ఇంత ఏడుపొచ్చిన అనుమానం ఇదొక్కటే.

రోగం పట్టుకున్నవాడే, తీసేసిన సామాను మీద సుద్దతో తన గుర్తు వేయడం ఆ షెడ్డు ఆనవాయితీ. మేస్త్రీది అడ్డగీత, బావమరిదిది సున్నా. ఆ సున్నా ఆర్నెల్లుగా ఎవరి కంటా పడలేదు. బావమరిది ఎన్ని పట్టుకున్నాడో, అన్నిటి మీదా తన సున్నాకు బదులు బావ అడ్డగీతే గీసి యజమానికి అప్పజెప్పాడు మరి.

కొత్త పైపు మేస్త్రీయే వేశాడు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, నిలకడగా తిరుగుతున్న ఇంజిన్ విని, "మీ చెవి చెవే మేస్త్రీగారూ," అంది.

"చెవి వాడిదమ్మా," అన్నాడాయన, బావమరిదిని చూపిస్తూ.

కారు వెళ్ళిపోయింది. మేస్త్రీ యజమాని గదిలోకి వెళ్ళి రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు, పనిబల్ల దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు, చేతులు కడుక్కున్నాడు, గుమ్మం దాటాడు. తిన్నగా ఇంటికే బయల్దేరాడు. రేపటి నుంచి రాడని యజమాని చెప్పేదాకా బావమరిదికి తెలియదు.

"బావా!" అంటూ వీధి చివరిదాకా పరుగెత్తాడు. వెనక నుంచి ఎంత పిలిచినా ఆయన తిరగలేదు. వినబడక తిరగలేదో, వినబడే తిరగలేదో.

అతను షెడ్డుకు తిరిగొచ్చేసరికి పనిబల్ల మీద జానెడు పాత రబ్బరు పైపు ఉంది, పగులు పక్కనే సుద్దతో తీరుగా చుట్టిన సున్నాతో.