ఎవరి దగ్గర నేర్చుకుందని చెప్పాలి?

జర్మనీలో ఎష్‌బోర్న్ దగ్గర అద్దెకు తీసుకున్న హాలు వంటగదిలో ఊర్మిళ పెద్ద బేసిన్ నిండా పులిహోర కలుపుతుండగా ఆమె భర్త విక్రాంత్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తెల్లవారకముందే బేకరీలో డ్యూటీ ఎక్కిన ఊర్మిళ, ఇంటికి కూడా వెళ్ళకుండా వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని నేరుగా ఇక్కడికే వచ్చింది. తెలుగు సంఘం ఉగాది కదా, ఆడవాళ్ళంతా తలో చెయ్యీ వెయ్యాలన్నారు. తీరా చూస్తే చెయ్యి వేసినవాళ్ళు ముగ్గురే. మిగతావాళ్ళు బయట ఫొటోలు దిగుతున్నారు.

"కారిన్‌కి ఒక మాట చెప్పాలి ఊర్మిళా," అన్నాడు గొంతు తగ్గించి. "స్టేజీ మీద మావయ్య సంగతి ఎత్తొద్దని చెప్పు."

ఊర్మిళ చెయ్యి బేసిన్‌లోనే ఆగిపోయింది.

కారిన్ ఆ బేకరీలోనే పనిచేసే పెద్దావిడ. బాంజో వాయిస్తుంది. ఇంకో ఇద్దరు జర్మన్ ఆడవాళ్ళు గిటారూ, నిలువెత్తు బాసూ వాయిస్తారు. వాళ్ళది బ్లూగ్రాస్ బ్యాండు. అమెరికా కొండపల్లెల పాటలకు పాతకాలపు కంట్రీ పాటలు కలిపి, అన్నీ తంతి వాద్యాల మీదే వాయిస్తారు. పిండి పిసుకుతూ ఊర్మిళ తీసిన కూనిరాగం విని కారిన్ ఆరా తీసింది. తణుకు నుంచి మోసుకొచ్చిన వయొలిన్ పెట్టె అప్పటిదాకా మంచం కిందే ఉంది. నేలమీద కూర్చుని వాయించడం తప్ప ఎరగని ఊర్మిళకి, నిలబడి వాయించడం రావడానికి ఒక చలికాలమంతా పట్టింది. గంటకి పన్నెండు యూరోల చిల్లర ఇచ్చే ఆ బేకరీ బతుకులో నాలుగో మనిషిగా ఆ బ్యాండులో నిలబడ్డ సాయంత్రాలే ఆమెకి సొంతం.

ఆ బ్యాండులో ఒక పద్ధతుంది. మొదటి పాట కాగానే ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కారిన్ జనానికి చెబుతుంది. అమ్మమ్మ దగ్గరనో, మేనమామ దగ్గరనో అంటే గొప్ప. స్కూల్లో నేర్చుకున్నానంటే మర్యాదకి తలూపుతారు. ఊర్మిళ వంతు వచ్చినప్పుడు కారిన్ గొంతు పెంచి మరీ చెప్పేది, ఈమెకి వాళ్ళ నాన్నే నేర్పాడు, ఆయన పెళ్ళిళ్ళలో వాయించే మనిషి అని. బీరు గ్లాసులు పక్కన పెట్టి జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదటిసారి ఆ చప్పట్లు విన్న రోజు ఊర్మిళ టాయిలెట్‌లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది.

ఇవాళ ఉగాది స్టేజీ మీద వాయించేదీ ఆ బ్యాండే. ఇక్కడ అదే మాట కొంప ముంచుతుందని విక్రాంత్ భయం. ఆ భయంలో తప్పేం లేదు. ఊర్మిళ తండ్రి కోటయ్యది సన్నాయి. ఆయన ఊదందే తాళి కట్టనివాళ్ళు, ఆయనకి విస్తరి వెయ్యాల్సి వచ్చేసరికి అరుగు మీద, అందరి తరవాత వేసేవాళ్ళు. ఆడపిల్ల సన్నాయి పట్టకూడదని ఇంట్లోవాళ్ళంటే, వయొలినైతే కులం అడగరులే అని కొనిచ్చి, తన సన్నాయి కీర్తనలే దానిమీద నేర్పాడు పాపం ఆ పిచ్చి తండ్రి. విక్రాంత్ ఆయనకి సొంత మేనల్లుడు. ఆ సన్నాయి సంపాదనతోనే బీటెక్ చదివాడు. జర్మనీ వచ్చాక ఇంటిపేరుని ఒక అక్షరానికి కుదించేసి, ఎవరైనా కదిపితే మాది వ్యవసాయమండీ అనడం అలవాటు చేసుకున్నాడు.

జనవరిలో అతని ఉద్యోగం ఊడింది. ఈ నెలలో ఇంకోటి దొరక్కపోతే బ్లూ కార్డు వీసా పోతుంది, పెట్టె సర్దుకోవడమే. సంఘం అధ్యక్షుడు లక్ష్మణరావు ఇక్కడే ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. మనవాడివే కదా, సోమవారం నీ ఉద్యోగం గురించి మాట్లాడతాలే అన్నాడు. ఆ 'మనవాడు' అన్న మాట పట్టుకునే విక్రాంత్ వేలాడుతున్నాడు.

"కాలేజీలో నేర్చుకుందని చెప్పమను. డిప్లొమా చేశావుగా, అబద్ధమేం కాదు," అన్నాడు.

"కాలేజీకెళ్ళేసరికే నాకు కీర్తనలన్నీ వచ్చు బావా. ఎవరు నేర్పారో నీకు తెలీదా?"

"తెలుసు. నాకు మాత్రం సరదానా చెప్పు? సోమవారం దాటనీ. ఉద్యోగం రాకపోతే ఇంటద్దె ఎలా కడతాం? ఏ మొహం పెట్టుకుని ఊరెళ్తాం?"

కోప్పడదామంటే ఊర్మిళకి కోపం రాలేదు. అతను నిద్రపోక ఎన్నాళ్ళయిందో పక్కన పడుకునే మనిషికి తెలుసు. చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళింది.

తంతులు శ్రుతి చేసుకుంటున్న కారిన్‌కి సంగతి అంతుపట్టలేదు. నాన్నతో గొడవపడ్డావా అని అడిగింది. లేదంది ఊర్మిళ. మరెందుకు దాచడం అంది కారిన్. తనకి వచ్చిన కాస్త జర్మన్‌తో మూడువేల ఏళ్ళ గొడవ ఎక్కడ మొదలుపెట్టాలో ఊర్మిళకి తోచలేదు. ప్లీజ్ అని మాత్రం అంది. నీ ఇష్టం అన్నట్టు కారిన్ భుజాలెగరేసింది.

మొదటి పాటకే హాలు ఊగిపోయింది. ఈమె మ్యూజిక్ కాలేజీలో నేర్చుకుంది అని కారిన్ పొడిగా చెప్పింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. తండ్రిని ఈసారి అరుగు మీంచి కూడా లేపేసింది తానేనని ఊర్మిళకి అనిపించింది. ముందు వరసలో విక్రాంత్ మాత్రం గండం గడిచినట్టు వెనక్కి వాలాడు.

రెండో పాట అయ్యాక లక్ష్మణరావు ఉత్సాహం పట్టలేక స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు.

"చదువుకున్నవాళ్ళ చేతిలో పడితే సంగీతం ఇలా ఉంటుందండీ. మన పెళ్ళిళ్ళలో మంగలి మేళం ఉంటుంది చూశారూ, తాళి కట్టేదాకా చెవులు మూసుకోవాల్సిందే."

హాలంతా నవ్వింది. అతను చెడ్డవాడేం కాదు. ఏదో సరదాకి అన్నాడు, అంతా సరదాకే నవ్వారు. విక్రాంత్ ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు. ఆ ఆలస్యం కప్పిపుచ్చుకోవడానికి అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంకొక్కటి వాయించండమ్మా అని లక్ష్మణరావు భార్య హైమావతి కిందనుంచి ముచ్చటపడింది. కారిన్ అందుకుంది. నలుగురికీ ఒకే మైకు. వంతు వచ్చిన మనిషి ముందుకి జరిగి వాయిస్తుంది, మిగతావాళ్ళు వెనక్కి తగ్గి చోటిస్తారు. ఊర్మిళ వంతు వచ్చింది. ముగ్గురూ వెనక్కి తగ్గారు.

ఊర్మిళ కదల్లేదు. కమాను పట్టుకున్న చెయ్యి కిందికి వేలాడుతూనే ఉంది.

ఆ సంగీతంలో వంతు దాటించెయ్యడం ఉండదు. మనిషి వచ్చేదాకా మిగతావాళ్ళు అదే చరణం తిప్పి తిప్పి వాయిస్తారు. కారిన్ కళ్ళతోనే ఏమైందని అడిగి మళ్ళీ మొదటికొచ్చింది. తీగ తెగిందేమో పాపం అంది హైమావతి. కిందికి దిగి కూర్చున్న లక్ష్మణరావు ఏమీ ఎరగనట్టు మోకాలి మీద దరువేస్తున్నాడు. ఎరగడు కూడా. ఆ హాలు మొత్తంలో సంగతి అర్థమైనవాడు విక్రాంత్ ఒక్కడే. ఎవరికీ కనపడకుండా ఒళ్ళో రెండు చేతులూ జోడించి ఆమె వైపు చూశాడు. ఊర్మిళ ఆ చేతుల్ని చూసింది.

మైకు ముందు చోటు ఖాళీగానే ఉంది. కారిన్ ఇంకోసారి మొదటికొచ్చింది.