హార్ల్‌డెన్ వారి గంట

హేమంతకాలము. ఆంగ్లదేశపు ఉత్తరభాగమున ఉక్కుకొలుముల పొగచేతను ఎడతెగని తుంపరచేతను మధ్యాహ్నముననే మసకబారి సూర్యుడను వాడొకడు కలడను మాటనే జనులు మరచిపోవునంతటి ధూసరాంబరము క్రింద నల్లబడిన యిటుకగోడల నడుమ నిరుకుసందులలో హార్ల్‌డెన్ నగరపు కార్మికజనము శనివారపు పని ముగిసిన వెంటనే యిండ్లకు బోక మసియంటిన చేతులతోడను తడిసిన టోపీలతోడను ఒక్క దిక్కునకే ప్రవహించుచుండెను. ఆ దిక్కున ఆ యూరి ఫుట్‌బాల్ మైదానము గలదు. వారమంతయు కొలిమియెదుట ఒడలు కాల్చుకొన్నవారికి ఆ సాయంకాలమొక్కటియే తమదని చెప్పుకొనదగినది.

హార్ల్‌డెన్ రోవర్స్ అను ఆ యూరి క్లబ్బు నలువది యేండ్లుగా దేశపు ప్రథమశ్రేణి లీగున నిలిచియుండెను. దర్జాగా నిలిచెననుట పచ్చియబద్ధము. ఏటేట జారిపడబోయి యేటేట గోళ్ళతో గోడ బట్టుకొని నిలిచెననుట నిజము. శరత్తున మొదలై వసంతమున ముగియు ఆటల యేడాది చివర ఆ శ్రేణియందు అట్టడుగున మిగిలిన రెండు జట్లను ద్వితీయశ్రేణికి దింపివేయుట లీగువారి కట్టడి. దిగినవారు మరల నెక్కుట యెంతటి దుర్ఘటమో ఎరిగినవారు గనుక హార్ల్‌డెన్ జనులకు ఆ స్థానమే ప్రాణము, ఆ స్థానమే పరువు.

ఆ మైదానమున ప్రేక్షకులు నిలుచు తూర్పుమెట్ల చూరునుండి యొక కంచుగంట వ్రేలాడుచుండును. క్లబ్బు పుట్టిననాడు ఊరి పోతపనివారు తమ కొలిమిలో మిగిలిన లోహమును కరగించి దానిని పోసిరి. పోసి యొక నియమమును విధించిరి. సొంతమైదానమున లీగుపందెము గెలిచిననాడు మాత్రమే జట్టునాయకుడు బురదచేతులు కడుగుకొనకయే దాని త్రాటిని లాగవలయును. ఒక్కసారి యోడినవారు తొలగిపోవు కప్పుపోటీలలో నెంతటి ఘనవిజయము లభించినను అది మ్రోగరాదు. ఒక్కనాటి గెలుపు గాలివాటమున నైనను వచ్చును, ఏడాది పొడవునను వానలో మంచులో పడిన కష్టమునకే మా కంచు మ్రోగునని ఆ ముసలివారి సిద్ధాంతము. కప్పు పండుగనాటి పాయసము, లీగు దినదినపు కూడు. ఈ మాత్రపు ఇంగితము కొలిమిపనివారికి కలిగెను గాని వారి తరువాత పెద్దకుర్చీల నెక్కినవారికి కలుగదయ్యెను.

గంటలోని యినుపనాలుక యొక తోలుపట్టెతో వ్రేలాడుచుండును. ప్రతి పందెమునకు ముందు చిన్న నిచ్చెన వేసికొని యా తోలునకు కొవ్వు రాయుట మార్తా ఆగ్డెన్ అను వృద్ధవితంతువు పని. ఆమె మామ గంట పోసినవారిలో నొకడు. భర్త యాజీవాంతము ఆ మెట్లమీదనే నిలిచి యరచినవాడు. ఆమెయు గంటక్రింది బల్లమీద కూర్చుండి యరచుటలో మగనికి దీసిపోవునది కాదు. జట్టునాయకుడు వాల్టర్ గ్రిమ్‌షా మైదానము వెనుకసందునందే పుట్టినవాడు. నుదుట గాయపుమచ్చలు గలిగి మోకాలు ముప్పాతిక వంతు చెడిపోయి ఆటకు వీడ్కోలు చెప్పు వయసు నెదుట బెట్టుకొనియున్న దృఢకాయుడు. ఆకాశమునుండి దిగివచ్చు బంతి యెంత బరువైన దైనను తలతో గొట్టి మరలించుటయందు ఆతనికి సాటి లేరు.

ఆ సంవత్సరము లీగున హార్ల్‌డెన్ గతి యేమని చెప్పుదును! శరత్తున నోడిరి. హేమంతమున మరింత నోడిరి. గెలువవలసిన పందెమును చివరి నిమిషమున జారవిడుచుట వారికి విద్యయై పోయెను. మార్తా రాసిన కొవ్వు వాడుక లేక తోలుపై గడ్డకట్టెను. ఇంతలో శిశిరమున కప్పుపోటీ ప్రారంభమయ్యెను. చిత్రమేమనగా లీగున కాళ్ళీడ్చిన యా పదునొకండుగురే కప్పున పులులైరి. ధనికనగరముల జట్లను వారి వారి యంగణములయందే మట్టిగరపించిరి. ఉపాంత్యపందెమున కుండపోతగా వాన కురియుచుండ గ్రిమ్‌షా గాలిలో లేచి తలతో గొట్టిన గోలు దేశమంతట చెప్పుకొనబడెను. నగరమునకు కన్ను చెదరెను. లీగుపందెమునకు సగము మెట్లు ఖాళీగా నుండగా కప్పుపందెపు టిక్కెట్ల కొరకు మంచులో వీధి పొడవున బారులు దీరిరి. కూటికి లేకున్నను కాటుక మానదన్న సామెత యే దేశమున పుట్టినదో గాని హార్ల్‌డెనునకు కుట్టి తొడిగినట్లుండెను.

వసంతము వచ్చెను. లండను మహాంగణమున కప్పు తుదిపందెము నిశ్చయమయ్యెను. దానికి సరిగా వారము ముందు సొంతమైదానమున లీగు చివరిపందెము మిగిలెను. ప్రత్యర్థులు స్టోన్‌బ్రిగ్ వారు ఎక్కుటకును దిగుటకును లేక నడిమిన కునుకుచున్న నిరుత్సాహపు జట్టు. గెలిచిన హార్ల్‌డెన్ నిలుచును. ఓడినను సమమైనను దిగును. లెక్క పసిపిల్లలకును దెలిసినంత తేట.

ఆ తేటలెక్క యొక్కని తలకు మాత్ర మెక్కదయ్యెను. ఆతడు క్లబ్బు అధ్యక్షుడు రెజినాల్డ్ పెల్. కొలిమి యెట్లుండునో కిటికీనుండి మాత్రమే చూచిన మహానుభావుడు. కప్పునాడు ధరించుటకు క్రొత్తకోటు ముందే కుట్టించుకొని యద్దము నెదుట చూచుకొన్నవాడు. పందెమునకు ముందునాడు ఆతడు జట్టు శిక్షకునిని, గ్రిమ్‌షాను ఇరువురను తన గదికి బిలిపించెను. శిక్షకుడు నోట మాట లేనివాడు. ఆతడు గోడబల్లివలె నొక మూల కతుకుకొని నిలిచెను.

"గ్రిమ్‌షా, రేపు నీవాడ నక్కరలేదు. మన మేటియాటగాండ్ర నందరను గూడ కూర్చుండబెట్టుచున్నాము. ఏ కాలో విరిగినచో వచ్చువారము కప్పు నెవ్వడు గెలుచును?" అనెను పెల్.

"అయ్యా, రేపు గెలువకున్న ప్రథమశ్రేణి పోవును."

"స్టోన్‌బ్రిగ్ వారిని మన రెండవజట్టు చాలును. పోయినను ఏడాదిలో మరల నెక్కుదుము. కప్పు మన జన్మలో మరల రాదు. నీ మోకాలిని చూచుకొని చెప్పుము, నీకు వచ్చునా?"

గ్రిమ్‌షా బదులాడవలసినది. బల్ల గుద్దవలసినది. ఆతని మాట త్రోసివేసి యాడింపకుండు ధైర్యము ఆ గదిలో నెవ్వనికిని లేదు. కాని చిన్ననాటినుండి కలలో జూచిన వెండికప్పు ఆతని కన్నులయెదుట తళుక్కుమనెను. పాపిష్ఠి మనస్సు లోలోన సంతసించెను. ఆతడు తలవంచి బయటికి వచ్చెను. చదువరులారా, పెల్ మీద నాకెంత కోప మున్నను ఈ తలవంపుమీద నంతకంటె నెక్కువ యున్నది. మూర్ఖుడు తెలియక చెరచును, వీడు తెలిసి యూరకుండెను.

మరునాడు మైదానము క్రిక్కిరిసెను. పిలిచిన పేర్లలో నాయకుని పేరు లేకుండుట విని జనులు మొదట నమ్మలేదు, పిమ్మట గర్జించిరి. గ్రిమ్‌షా శుభ్రమైన కోటుతో తోలుతొడుగుల చేతులతో పెల్ ప్రక్కన మెత్తనికుర్చీలో కూర్చుండెను. రెండవజట్టు కుర్రవాండ్రు పాపము ప్రాణములొడ్డి యాడిరి. మొదటిభాగముననే యొక గోలు గొట్టిరి. దానిని పండ్లబిగువున కాపాడుకొనుచు చివరివరకు వచ్చిరి. మార్తా లేచి నిలిచి త్రాటివంక జూచుచుండెను. జనులందరును ఆమెవంక జూచుచుండిరి.

అప్పుడు స్టోన్‌బ్రిగ్ వాడొకడు బంతిని విసుగుతో పైకెత్తి తన్నెను. బరువైన తడిబంతి, నిదానముగా దిగివచ్చు బంతి, గ్రిమ్‌షా యెన్నియో యేండ్లుగా నిదురలోనైనను తలతో మరలింపగల బంతి. ఆతని స్థానమున నిలిచిన బక్కకుర్రవాడు ఒక్క క్షణము ముందుగా ఎగిరెను. బంతి వాని తలమీదుగా సాగిపోయి ప్రత్యర్థి పాదముకడ బడి గోలులోనికి దూరెను. కుర్చీలో గ్రిమ్‌షా మెడ తనంత తానే ముందునకు ఊగెను. తల గాలిని గొట్టెను. ప్రక్కనున్న పెల్ దానిని జూచి దగ్గుగా భావించెను.

ఈల మ్రోగెను. పందెము సమము. నలువది యేండ్ల ప్రథమశ్రేణి ముగిసెను. ఎవ్వరును తిట్టలేదు. జనులు మెట్లు దిగిపోయిరి. పెల్ మాత్రము గడియారము జూచుకొని "మంచిది, ఎవ్వరికిని దెబ్బ తగులలేదు" అనెను. ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగినవాడు ఇంతకంటె ఘనుడా!

జనమంతయు పోయిన పిమ్మట గ్రిమ్‌షా తూర్పుమెట్ల వైపు నడచెను. మార్తా నిచ్చెన వేసికొని గంటలోనికి చేయి చాచి తోలుపట్టెను విప్పుచుండెను. నిచ్చెన కదలుచుండెను. ఆతడు పరుగున బోయి దానిని పట్టుకొనెను.

"వదలుము. ఇంత కాలము దీనిని పట్టుకొనువా రెవ్వరును లేకయే యెక్కితిని" అనెను ఆమె క్రిందికి జూడకయే.

"అమ్మా, అధ్యక్షుని యాజ్ఞ..."

"అధ్యక్షునికి సిగ్గు లేదని ఊరెల్ల నెరుగును. నీకున్నదని నమ్మితిని. నీవు కట్టుచడ్డీతో బంతి దన్నిననాటినుండి నిన్నెరుగుదును. ఆడవద్దనిన నోరు లేదా నీకు?"

"నోరున్నది. కప్పుమీద నాశయు నుండెను."

ఆమె మొదటిసారి క్రిందికి జూచెను. "నిజము పలికితివి. ఇప్పుడు విను. ఊరును తక్కువ తినలేదు. కప్పు టిక్కెట్టు కొరకు నేనును బారున నిలిచితిని. అందువలన నా నోటను తిట్టు సరిగా వచ్చుట లేదు. వచ్చియున్న నీ చెవులు మాడిపోవును." ఇట్లని యినుపనాలుకను విప్పి తన చేతిసంచిలో వేసికొని దిగెను. "దీని మాట ఎవ్వరితోనైన జెప్పితివా, నీ మోకాలు రెండవది నేను విరుగగొట్టెదను."

ఆతడు చెప్పలేదు.

మరు వారము లండనున కప్పు గెలిచిరి. కథ కది ముఖ్యము గాదు గనుక పొడవు పెంపను. గ్రిమ్‌షా యాటంతయు కోపముతో నాడెను. ఎదిరిజట్టుమీద కాదు, తనమీది కోపముతో. దిగివచ్చిన ప్రతి బంతిని తలతో గొట్టెను, నుదుట నెత్తురు గారినను గొట్టెను, చివర గోలును గొట్టెను. వెండికప్పు చేతికి వచ్చినప్పుడు ఛాయాచిత్రగ్రాహకులు నవ్వుమని బతిమాలిరి. ఆతడు నవ్వలేదు.

ఆదివారము నగరమున ఊరేగింపు. పైకప్పు లేని బస్సు మీద జట్టును నిలిపి వీధులు త్రిప్పి మైదానమునకు గొనివచ్చిరి. ఎండ కాసెను. అపురూపముగా పొగయును పలుచబడెను. బ్యాండు వాయింపబడుచుండెను. పిల్లలు కేరింతలు గొట్టిరి గాని పెద్దల చప్పట్లలో నుప్పు లేదు. పెల్ క్రొత్తకోటుతో తూర్పుమెట్ల నెదుట వేసిన వేదికనెక్కి కప్పును బల్లమీద నుంచి జనులవంక చేతులు చాచెను.

"హార్ల్‌డెన్ మహాజనులారా! వెనుకటివారు కప్పునకు గంట మ్రోగరాదని యొక మూఢనియమమును బెట్టిరి. వారికి కప్పు రాలేదు గనుక బెట్టిరి. మనకు వచ్చినది. నేడు గంట మ్రోగును. నాయకా, లాగుము!"

గుంపు గతుక్కుమనెను. గ్రిమ్‌షా తన చేతులను త్రిప్పి త్రిప్పి చూచుకొని అందరికిని వినబడునట్లు పలికెను. "అయ్యా, బురదచేతులతో లాగవలసిన త్రాడిది. నా చేతులు శుభ్రముగా నున్నవి. లాగవలసిననాడు తమ ప్రక్కన తోలుతొడుగులతో గూర్చుంటిని. తమకంత వేడుకగా నున్న తమరే లాగుడు."

పెల్ దీనిని వినయ మనుకొనెను. పొగడ్తకును చీవాట్లకును భేద మెరుగని చెవు లాతనివి. చిరునవ్వుతో త్రాటిని బట్టి గట్టిగా లాగెను. గంట యూగెను. శబ్దము లేదు. మరల లాగెను. పెద్దకంచు ఇటునటు ఊగుచు గాలిని మాత్రము త్రోసెను. మూడవసారి రెండుచేతులతో వ్రేలాడినట్లు లాగెను, టోపీ క్రింద పడెను. బ్యాండువా డొకడు నవ్వబోయి తన ప్రక్కవాని ముఖము జూచి మానెను. వేలజనము ఆ మూగగంటను జూచి అర్థము చేసికొనెను. వారిలో నొక ముదుసలి పోతపనివాడు టోపీ తీసి చంకన బెట్టుకొనెను. మరియొకడును తీసెను. శవము వెళ్ళునప్పుడు నిలుచునట్లు అందరును నిలిచిరి. పిమ్మట వీపులు త్రిప్పి యొక్కరొక్కరుగా ద్వారముల దారి పట్టిరి. "ఆగుడు, కప్పును జూడరా?" అని పెల్ అరచుచునే యుండెను.

ఘనతను ఒక్కపూటలో గెలువవచ్చును గాని నిలుపుకొనుట ప్రతిదినపు కూలిపని. ఆ కూలిని తక్కువగా జూచినవారి వేడుకకు పాతకంచు తోడు పలుకదు.

గ్రిమ్‌షా వేదిక దిగి గంటక్రింది బల్లకడకు బోయెను. మార్తా జరుగలేదు, పొమ్మనియు ననలేదు. ఆతడు కొన మీద కూర్చుండెను.

"వచ్చు సంవత్సరము ఆడుదువా?" అనెను ఆమె.

"మోకాలు ఊడిపోవువరకు. ద్వితీయశ్రేణిలో, ఇక్కడనే."

"గెలిచినచో దీనిని బురదచేతులతో దెమ్ము." ఆమె సంచి విప్పి, కొవ్వు జిడ్డుతో నల్లబడిన యినుపనాలుకను దీసి, ఆతని యొడిలో ధబ్బున వేసెను. ఆతడు దానిని రెండుచేతుల నెత్తుకొనెను. అది కప్పుకంటె బరువుగా నుండెను.