చెయ్యి తగలని దెబ్బ

ఆస్పత్రి వరండాలో కోడలి పక్కన బెంచీ సగం ఖాళీగానే ఉంది. అయినా ఎవరూ వచ్చి కూర్చోలేదు. మొగుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దాడపడుచు ఎదురుగా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన చుట్టాలందరికీ జరిగింది చెబుతోంది. మొదట అమ్మ పడిపోయిందట అంది. తరవాత పడిపోయిందంటున్నారు అంది. ఇంకాసేపటికి, కుర్చీలో కూర్చున్న మనిషి ఊరికే ఎందుకు పడుతుందని అడగడం మొదలుపెట్టింది.

నిజానికి అత్త పడనేలేదు. వాళ్ళది కింద బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం, పైన రెండు గదుల కాపురం. ఆ ఉదయం కోడలు కింద గిరాకీ చూసుకుని పైకి వచ్చేసరికి అత్త కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి ఉంది. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. మెదడు లోపల రక్తం కారిందన్నారు ఆస్పత్రిలో.

అత్తకు మతిమరుపు జబ్బు వచ్చి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు కాలరు నలిగిన తీరు చూసి అది ఎవరి చొక్కానో చెప్పేది. ఇప్పుడు హ్యాంగరుతో తల దువ్వుకుంటోంది. అలాంటి మనిషిని నర్సు ఏం జరిగిందని అడిగితే, కోడలి వైపు వేలు చూపించి, "అదే తోసింది" అంది. పొద్దున ఏం తిన్నదో గుర్తులేని మనిషి మాట ఆ ఒక్క విషయంలో అందరికీ వేదవాక్కయిపోయింది. దానికి తోడు ముంజేతి మీద వేళ్ళ అచ్చు కమిలి ఉంది.

ఆ అచ్చు కోడలిదే. ముందురోజు అత్త మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోతుంటే పట్టుకుని ఆపింది. పడిపోతుందని పట్టుకుంది. విసిగిపోయి కూడా పట్టుకుంది. ఆ విసుగు సంగతి తనకొక్కతికే తెలుసు గనక, తొయ్యలేదని గట్టిగా చెప్పలేకపోయింది. అత్తను కొట్టిన మనిషిగా ఇక ఈ చుట్టాల మధ్య ఎలా తిరగాలో ఆమెకు తోచలేదు. మొగుడు దగ్గరికొచ్చి, అమ్మను ఏమైనా అన్నావా అని గొణిగాడు. అన్నావా అనే అడిగాడు గానీ, అడగదలుచుకున్నది అది కాదు.

పోలీసులకు చెప్పమని ఒక చుట్టం సలహా ఇచ్చాడు. ఇంటి పరువు పోతుందని ఆడపడుచు దయ తలిచింది. అమ్మను ఇక ఆ చేతుల్లో పెట్టనని, తన ఇంటికే తీసుకుపోతానని వరండా అంతా వినబడేలా చెప్పింది.

సాయంత్రం డాక్టరమ్మ ముగ్గురినీ లోపలికి పిలిచింది. స్కాను చూపిస్తూ, అల్జీమర్స్ ఉన్న చాలామందికి అమిలాయిడ్ అనే ప్రొటీను మెదడులోని రక్తనాళాల గోడల్లో కూడా పేరుకుంటుందని చెప్పింది. గోడలు పాత రబ్బరు గొట్టంలా పెళుసెక్కి, వాటంతటవే చిట్లుతాయట. స్కానులో చెదురుమదురుగా ఉన్న నల్లచుక్కలు, ఎప్పుడెప్పుడో ఎవరికీ తెలియకుండా కారిన రక్తం గుర్తులట.

"ఈవిడ తలకు దెబ్బ తగిలిన జాడే లేదు. ఎవరూ తొయ్యక్కర్లేదమ్మా, కూర్చున్నచోటే చిట్లుతుంది."

కోడలికి ఒక్కసారి ఊపిరి ఆడింది. మళ్ళీ వస్తుందా అని ఆడపడుచు అడిగింది. రావచ్చని, ఎప్పుడో చెప్పలేమని, ఎవరింట్లో ఉన్నా రావచ్చని డాక్టరమ్మ అంది.

బయటికొచ్చాక కోడలు ఒక్క మాట కోసం ఎదురుచూసింది. ఆడపడుచు సంచి భుజానికి తగిలించుకుని, తమది మూడో అంతస్తని, లిఫ్టు నమ్మకం లేదని చెప్పుకొచ్చింది. "అయినా అమ్మకు నీ చెయ్యే అలవాటమ్మా" అని ముగించింది.

"వదినా, నేను తోశానని అందరికీ చెప్పారుగా. డాక్టరు చెప్పింది కూడా చెప్పండి."

"ఏం చెప్పమంటావ్? అమ్మ తలలో రబ్బరు గొట్టాలున్నాయనా? నవ్విపోతారు. అయినా నిన్ను ఎవరేమన్నారని?"

పోనీలే, అయిపోయిందిగా అన్నాడు మొగుడు.

అయితే ఒక నెల మా ఇంట్లోనే ఉండి అమ్మను చూసుకోమని కోడలు ఆడపడుచును అడిగింది. ఈసారి చిట్లినప్పుడు మీరూ పక్కన ఉన్నట్టుంటుంది అంది. ఆడపడుచుకు అప్పటికప్పుడు పిల్లల పరీక్షలు గుర్తొచ్చాయి. మొగుడు అక్కను బస్సెక్కించడానికి వెళ్ళాడు.

వార్డులో అత్త కోడలిని చూసి వంకరమూతితోనే నవ్వింది.

"ఎవరమ్మా నువ్వు? మంచిదానిలా ఉన్నావ్. మా కోడలు నన్ను కొట్టింది, తెలుసా?"

పక్క మంచాల వాళ్ళు తల తిప్పి చూశారు. అత్తను ఒత్తిగిలించి, తడిసిన దుప్పటి మార్చాలి. కోడలు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. వెళ్ళి నర్సును పిలిచింది. అంత చిన్న పనికి ఇద్దరెందుకని నర్సు విసుక్కుంది.

"మీరు ఊరికే నిలబడి చూస్తే చాలు. ఎవరూ చూడకుండా ఈవిడను ఇక ముట్టుకోను" అంది కోడలు.