మొలవని మెంతిమడి

మూడోసారి కూడా మెంతులు మొలవలేదు. అక్కయమ్మ చెక్కమడి పక్కన కూలబడి, మట్టికి ముక్కు తగిలేంతగా ఒంగి చూసింది. పచ్చగా ఒక్క చుక్క కనబడితే ఒట్టు.

మండికల్‌లో వాళ్ళ కొత్త ఇంటి వెనక అంతా బండే. గడ్డపార వేస్తే నిప్పురవ్వలే గానీ మట్టి రాదు. అందుకని కొడుకు నాగేశ్, తను పనిచేసే గోడౌన్‌లో సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లు, విరిగి పారేసినవి ఆరు తెచ్చాడు. కోడలు చైత్ర మేకులు పీకింది. అతను పలకలు కోసి నాలుగువైపులా నిలబెట్టి బిగించాడు. లోపల పాత యూరియా సంచులు పరిచి, నీళ్ళు పోవడానికి బొక్కలు పొడిచి, ఎర్రమట్టీ పేడ ఎరువూ నింపారు. పైసా ఖర్చు లేకుండా మోకాలెత్తు మడి ముద్దొచ్చేలా కుదిరింది.

విత్తనం మాత్రం అత్తే వేయాలంది చైత్ర. అననిదెవరు? ఊళ్ళో ఎవరి పొలంలో నాటు మొదలైనా తొలి నారు అక్కయమ్మే పెట్టాలి. ఆమెది మంచి చెయ్యి. భర్త మునిశామప్ప పోయాక పేరంటాలకు పిలవడం మానేశారు, పెళ్ళిళ్ళలో వెనక వరసలో కుర్చీ చూపిస్తారు. నాటుకు మాత్రం ఇంటికొచ్చి మరీ పిలుస్తారు. ఆ ఒక్క పిలుపు కోసమే ఆమె ఒక చీర విడిగా మడిచి పెట్టుకుంది.

అలాంటి చెయ్యి మెంతులు మొలిపించలేకపోయింది! గోడ పగుల్లో పడినా మొలిచే మెంతులు!

ఆమె చేయని జాగ్రత్త లేదు. ముప్పై ఏళ్ళు పట్టుపురుగుల్ని పెంచిన మనిషికి శుభ్రం గురించి ఒకరు చెప్పాలా? బోరు ఎండి మల్బరీ తోట పోయాక పురుగుల్ని మానేసినా, సున్నమూ బ్లీచింగూ కలిపిన పొడి ఇంకా డబ్బా నిండా ఉంది. పురుగులకు రోగం రాకుండా చల్లినట్టే, విత్తనం వేసిన ప్రతిసారీ ఆ పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి మడి మీద తెల్లగా దులిపేది. మొలవకపోయేసరికి రెండోసారి ఇంకాస్త ఎక్కువ. మూడోసారి పలకలకు కూడా పట్టించింది.

"ఎలకలు తింటాండాయేమో అత్తా," అంది చైత్ర.

"ఎలకలైతే మట్టి కెలికిండవా?"

"మెంతులే పాతవేమో మా," అన్నాడు నాగేశ్.

"నువ్వే కదరా కొత్తవి తెచ్చింది?"

అక్కయమ్మ అరచేయి తిప్పి తిప్పి చూసుకుంది. ఎప్పటి చెయ్యే. మరి ఏమైంది దీనికి?

సరిగ్గా అప్పుడే, ఊళ్ళో టమాటా వేసే కెంపమ్మ వచ్చింది. పోయినసారి తెగులొచ్చి ఆమె టమాటా తోటంతా నాశనమైంది. ఈసారీ పోతే ఇంక లేచేది లేదు.

"అక్కా, నారు వచ్చిండాది. నువ్వొచ్చి ఒకటి పెడితే మేము మొదులు పెడతాం."

అక్కయమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. "మోకాళ్ళు నొస్తాండాయి కెంపమ్మా. నీ కోడలు నేత్ర చేత పెట్టించు."

"ఎప్పుడూ ఇట్లా అన్లేదే నువ్వు!" అనుకుంటూ కెంపమ్మ వెళ్ళిపోయింది.

అక్కయమ్మకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుందామని నీళ్ళతొట్టి దగ్గరికి పోయి, అక్కడే ఆగిపోయింది. నీళ్ళు పోయే మోరీ పక్కన గుప్పెడు మెంతి మొలకలు. విత్తనం నానబెట్టిన గిన్నె కడిగి ఆమె పారబోసిన చోటే. అవే మెంతులు, అదే చెయ్యి. వేసినవి మొలవలేదు, పారబోసినవి మొలిచాయి! ఇదెక్కడి విడ్డూరం?

తిరిగొచ్చి మడిలో మట్టి గీకింది. మెంతులు ఉబ్బి, తెల్లబడి, కుళ్ళి ఉన్నాయి. వేళ్ళు వాసన చూసుకుంది. అచ్చం పురుగుల షెడ్డు వాసన.

"నా బుద్ధి మండ! పొడి చల్లి నేనే చంపుకుంటినే!"

చెయ్యి మంచిదే! చీర మార్చుకుని కెంపమ్మ పొలానికి పరుగులాంటి నడకతో బయలుదేరింది. సగం దారిలో అడుగులు వాటంతటవే ఆగిపోయాయి. చంపింది పొడి, చెయ్యి కాదు. సరే. మరి ఇన్నేళ్ళూ ఊళ్ళో పండినవన్నీ? అవి ఈ చేతి వల్లనా, నీళ్ళూ ఎరువూ బాగుండి పండాయా? ఎంత ఆలోచించినా తెగలేదు. అయినా మళ్ళీ నడిచింది.

పొలంలో నేత్ర నారు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. అక్కయమ్మను చూడగానే కెంపమ్మ ముఖం విప్పారింది.

"మోకాళ్ళు నొస్తాండాయంటివే?"

"తగ్గినాయి."

కెంపమ్మ కోడలి చేతిలోని నారు తీసి అక్కయమ్మ అరచేతిలో పెట్టింది. "ఈ చేతిలో ఏమి ఉండాదో గానక్కా, నువ్వు వచ్చినాకే నాకు పానం కుదుటపడె."

ఏమీ లేదేమో కెంపమ్మా, అనబోయింది అక్కయమ్మ. అంటే ఇంక ఎవరు పిలుస్తారు తనను? నోరు మూసుకుని, ఒంగి, తొలి నారు పెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, నారు మొదలు చుట్టూ మట్టిని రెండుసార్లు అదిమి చూసుకుంది.