దుప్పటి కప్పిన బకెట్

అల్లం మంట ముందు వేళ్ళకి తెలుస్తుంది. తర్వాత కళ్ళకి.

నొలుండి వంటగది గుమ్మంలో కూర్చుని అల్లం దంచుతోంది. సముద్రం మీది నుంచి గాలి వీస్తోంది. పైన ఇనుప రేకులు కిటకిటలాడుతున్నాయి. ఒంటి మీద నల్ల గౌను, తలకి నల్ల గుడ్డ — ఏడాదిగా అవే.

వచ్చే శనివారానికి మొగుడు జోలీలే పోయి ఏడాది. ఆ రోజు ఆ నల్లబట్టలు విప్పించి కాల్చేస్తారు. చనిపోయిన పెద్దలకి నేల మీద జొన్నకల్లు పోయాలి.

కానీ జొన్న నానబెడితే ఆ పులుపు వాసన వీధి చివరిదాకా పోతుంది. వీధి చివర పోలీసులుంటారు. నల్లవాళ్ళు ఇంట్లో మత్తు పులియబెడితే తెల్లవాళ్ళ చట్టంలో నేరం.

"అయితే అల్లం నీళ్ళతో సరిపెడదామా, చినమామయ్యా?" అని అడిగింది నొలుండి.

జోలీలే బాబాయి తంసాంకా నవ్వాడు. నోట్లో మూడు పళ్ళు.

"నీళ్ళు పోస్తే మా తాతలు వస్తారటే పిచ్చిదానా? వాళ్ళేం జ్వరంతో ఉన్నారా? కాస్త తలకెక్కాలి."

అందుకే అల్లం. అల్లం నీళ్ళని ఎవరూ అనుమానించరు. ప్రతి పెళ్ళికీ, ప్రతి చావుకీ ఉండేవే.

అందుకే రెండు బకెట్లు. శుక్రవారం కలిపేది చర్చి ఆడవాళ్ళకి — తియ్యగా, అమాయకంగా. ఈ సోమవారం కలిపేది... వేరు. ఇందులో రెండింతలు చక్కెర. అనాస తొక్కలు. గుప్పెడు ఎండుద్రాక్ష. రొట్టెల పిండిని పొంగించే ఈస్టు, ఒక చెంచా కాదు, మూడు.

మూత పెట్టింది. దుప్పటి కప్పింది. బకెట్ని తెర వెనక్కి జరిపింది.

ఇంకా ఐదు రోజులు.

ఈ సంగతి అత్తకి తెలియకూడదు.

అత్త పేరు నోఖాయా. గురువారం గురువారం ఎర్ర జాకెట్టు తొడిగి, తెల్ల టోపీ పెట్టి, చర్చి ఆడవాళ్ళతో ప్రార్థనకి వెళుతుంది. తాగుడు మీద ఆమె మాట్లాడితే మగవాళ్ళు దారి మార్చుకుంటారు. జోలీలేని తాగుడే తినేసింది. చివరి రెండు రోజులూ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది తనే. అతను బతికుండగానే ఒకసారి నడిచి వెళ్ళి, సారా అమ్మే రెండిళ్ళు పోలీసులకి వేలు పెట్టి చూపించింది. ఆ సంగతి వీధి మరిచిపోలేదు.

"ఆ బకెట్టేమిటే?"

"అల్లం నీళ్ళే, అత్తా."

తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమెతో ఆడిన మొదటి అబద్ధం.

మంగళవారం బకెట్ మాట్లాడలేదు.

బుధవారం ఉదయం మొదలైంది. చిన్నగా... ఉస్‌స్... ఉస్‌స్... గాలి ఉన్నంతసేపు వినిపించదు. గాలి ఆగితే ఇల్లంతా అదే.

నొలుండి పళ్ళాలు గట్టిగా తోమింది. దగ్గింది. ఎప్పుడూ పాడని పాట పాడింది.

గురువారం మూత తీసి చూస్తే ద్రాక్షలు పైకి వస్తున్నాయి. ఒకటి... రెండు... ఉబ్బి, బొద్దుగా. అన్నీ తేలితే మందు తయారైనట్టు.

సర్కారు ఇచ్చిన ఇల్లు జోలీలే పేరు మీద ఉంది. అతను పోయాక ఇళ్ళ ఆఫీసులో గుమాస్తా చెప్పాడు — ఒక్క ఫిర్యాదు, ఒక్క కేసు, అంతే, ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇద్దరు ఆడవాళ్ళు. రెండు గదులు. ఇంకెక్కడా చోటు లేదు.

శుక్రవారం నోఖాయా తెర దగ్గర ఆగింది.

"లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టుందే."

"అల్లం ఘాటు, అత్తా."

ముసలామె చాలాసేపు దుప్పటి వైపు చూసింది. తర్వాత కోడలి వైపు. వెళ్ళి, తన తెల్ల కాలరు ఇస్త్రీ చేసుకుంది.

శనివారం. పెరట్లో మేకని కోశారు. నల్లబట్టలు కాలాయి — గాలికి ఆ బూడిద ఎటు పోయిందో కూడా తెలియలేదు. నొలుండి నీలం గౌను తొడుక్కుంది. ఏడాది తర్వాత ఆమె చేతులకి ఎండ తగిలింది.

అరగంట.

అరగంటకే జీపు వచ్చి ఆగింది.

తెల్ల సార్జెంటు, నల్ల కానిస్టేబులు. తంసాంకా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వాళ్ళు చర్చి ఆడవాళ్ళ బకెట్ చూశారు, వాసన చూశారు, వదిలేశారు. తర్వాత ఇంట్లోకి నడిచారు. కానిస్టేబులు తెర తొలగించాడు.

"ఇదేంటమ్మా?"

"అల్లం నీళ్ళు."

"అల్లం నీళ్ళకి దుప్పటెందుకు? చలేస్తోందా పాపం?"

దుప్పటి లాగాడు. మూత తీశాడు. ద్రాక్షలన్నీ పైనే ఉన్నాయి.

సార్జెంటు గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎర్ర జాకెట్టులో నోఖాయా నిలబడి ఉంది. ఆయన ఆమెని గుర్తుపట్టాడు.

"నువ్వు చెప్పు, ముసలమ్మా. నీ నోట అబద్ధం రాదు. ఏముంది ఇందులో?"

కానిస్టేబులు ఆ మాటని వాళ్ళ భాషలో చెప్పాడు. అవసరం లేదు. ఆమెకి ముందే అర్థమైంది.

గాలి ఆగింది. ఉస్‌స్... ఉస్‌స్...

నోఖాయా లోపలికి వచ్చింది. మేకుకి వేలాడుతున్న రేకు చెంబు తీసింది. నిండా ముంచింది. తాగింది — దాహంతో వచ్చిన మనిషి మంచినీళ్ళు తాగినట్టు, ఒక్క గుక్కలో, అడుగు దాకా. జీవితంలో మత్తు ముట్టని నోరు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

పెదవులు తుడుచుకుంది.

"అల్లం ఎక్కువేసింది," అంది. "మా కోడలికి కొలత తెలీదు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

సార్జెంటు బకెట్ని చూశాడు. జాకెట్టుకి గుచ్చిన చర్చి బిళ్ళని చూశాడు. ముసలామె కళ్ళలోకి చూశాడు. ఆమె రెప్ప వాల్చలేదు.

జీపు వెళ్ళిపోయింది.

పెరట్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఇంట్లో మాత్రం ఇద్దరే. నొలుండి నోరు తెరిచింది — "అత్తా..."

"మాట్లాడకు."

నోఖాయా చెంబు మళ్ళీ ముంచింది. నింపి బయటికి తీసుకెళ్ళి తంసాంకా చేతిలో పెట్టింది.

"పొయ్యి, మీ పెద్దలకి. నా కొడుక్కి మాత్రం పొయ్యకు."

తంసాంకా మేక నెత్తురు ఇంకిన చోట నేల మీద పోశాడు. మట్టి నురగ కక్కింది.

చర్చి ఆడవాళ్ళు వరస కట్టారు. పాట ఎత్తుకోవాల్సింది నోఖాయానే. ఎప్పుడూ ఆమే. గొంతు సవరించుకుంది. ఎత్తుకున్న స్వరం ఒక మెట్టు పైకి పోయింది. ఎవరూ పక్కకి చూడలేదు. అందరూ ఆ మెట్టుకే ఎక్కారు.

రెండో చరణంలో ముసలామె చెయ్యి వచ్చి నొలుండి భుజం మీద పడింది.

గట్టిగా. బరువుగా.

తూలి పట్టుకుందో... క్షమించి పట్టుకుందో...

నొలుండి తల తిప్పలేదు. నీలం గౌను కింద, చెయ్యి ఆనిన చోట, చర్మం సన్నగా మండుతోంది.