ఆఖరి బొట్టులో ఆవిడ తప్పు

రేడియో కేంద్రంలో పాత టేపులకు కాపలా కాసే సీసాల బాబాయికి ఇన్నేళ్ళ కాపురంలో దక్కిన విజయం ఒక్కటే. అదీ టేపు మీద. వాతావరణ వార్తలు చదివే వాళ్ళావిడ ఒకనాడు "నిన్న నేను చెప్పింది తప్పు" అని మైకులో ఒప్పుకుంది. ఇంట్లో అడిగితే మాత్రం, "నేనా? కలగన్నారేమో!" అంటుంది. తన పదవీ విరమణ సభలో ఆ ముక్క అందరి ముందూ మోగించాలని ఆయన ఆశ.

ఇంతలో కొత్త డైరెక్టరు దిగాడు. పాటలూ మాటలూ సమస్తం డీఎన్ఏ అక్షరాలుగా మార్పించి, వేలెడంత సీసాలో ఇమిడించి, "వెయ్యేళ్ళు చెక్కుచెదరదు!" అంటూ టేపుల్ని పాతసామాన్లవాడికి అమ్మేశాడు. ఆవిడ ఒప్పుకున్న ముక్కా ఆ సీసాలోకే చేరింది. వెయ్యేళ్ళు నిలిచే సరుకు మీద డైరెక్టరు నమ్మకం మాత్రం వారం కూడా నిలవదు.

"ఏమయ్యా, భద్రంగా ఉందా?"

"ఉందండి."

"ఏదీ, చదివించు!"

చదివించాలంటే, ప్రతి బొట్టులోనూ సమస్తం ఉన్న ఆ సీసాలోంచి ఓ బొట్టు యంత్రానికి పొయ్యాలి. పోసిన బొట్టు పోయినట్టే. విత్తు మొలిచిందా అని రోజూ తవ్వి చూసే రైతులా తయారయ్యాడు డైరెక్టరు. చదివింది కంప్యూటర్లో దాచబోతే, "మళ్ళీ పాత పద్ధతేనా? చెరిపెయ్!" అన్నాడు. నకలు తీద్దామంటే, "అసలుండగా నకలెందుకయ్యా?" అని కసిరాడు. అసలు కాస్తా హరించుకుపోతోంది. బాబాయికి వడ్డీ కింద చీవాట్లు మిగులుతున్నాయి.

సీసాలో ఆఖరి బొట్టు మిగిలిన రోజున బాబాయి గుండె బొట్టుబొట్టుగా జారిపోయింది. తెర మీద అక్షరాలు పరుగెడితే చాలు, డైరెక్టరు తలూపి వెళ్ళిపోతాడు. ఒక్కటీ చదివే రకం కాదు. ఉమ్మిలోనూ డీఎన్ఏ ఉంటుంది కదా! బాబాయి అటు తిరిగి గొట్టంలో తుపుక్కున ఉమ్మి, యంత్రానికి పోశాడు. అక్షరాలు బిలబిలా పరుగెత్తాయి.

"అద్భుతం! మొన్నటికంటే స్పష్టంగా ఉందే! ఇకమీదట రోజూ చూద్దాం."

"మీ దయండి. నా నోట్లో తడి ఉన్నంతకాలం లోటు రానివ్వను."

పై అధికారి పని మీద రోజూ ఉమ్మి, పైగా మెప్పు కొట్టేసిన ఉద్యోగి మరొకడు పుట్టలేదు. ఆఖరి బొట్టు ఫ్రీజరు మూలన, ఐసు వెనక దాక్కుంది.

సభ దగ్గరపడింది. భోజనం దగ్గర బాబాయి వాళ్ళావిడకు జరిగిందంతా చెప్పి ఛాతీ విరిచాడు.

"నీ తప్పు నా దగ్గరుంది. చల్లగా ఉంది."

"అయితే వినిపించండి."

"ఉన్నది ఒక్క బొట్టే! చదివేటప్పుడు యంత్రం దగ్గిందంటే నా బతుకంతా గల్లంతు."

"వినిపించకపోతే?"

"వెయ్యేళ్ళుంటుంది."

"ఉండనివ్వండి. అప్పుడు వినేవాళ్ళతో నేను మాట్లాడుకుంటాలెండి." ఆవిడ గ్లాసు నిండా మంచినీళ్ళు పోసి ముందుకు జరిపింది. "ముందీ నీళ్ళు తాగండి. రేపు మళ్ళీ ఆఫీసు పనుందిగా."